నాలుగో అనుబంధం

ఆ కాలేజీలో మాట్లాడినందుకు మార్కులు వేస్తారు, నూటికి నలభై. మిగతా చదువుల్లో క్లాసులో మాట్లాడితే బయట నిలబెడతారు గానీ, మేనేజ్‌మెంటు చదువులో మాట్లాడకపోతేనే గండం. ఎక్కడో ఒక కంపెనీలో నిజంగా జరిగిన సంగతిని పది పన్నెండు పేజీల్లో రాసి ముందుగా పిల్లల చేతికిస్తారు. దాన్ని కేసు అంటారు. "ఆ మేనేజరు కుర్చీలో మీరుంటే ఏం చేసేవారు?" అని ప్రొఫెసరు గారు అడుగుతారు. అరవై రెండు మంది పిల్లలు గంటంబావు సేపు తలో మాటా అంటారు. ఎవరన్నారు, ఎంత పనికొచ్చే మాట అన్నారు అన్నది వెనక మూల చిన్న బల్ల దగ్గర కూర్చుని ఒకావిడ గుర్తు పెడుతుంది.

ఆవిడని పిల్లలు గీతలక్క అంటారు. ఆవిడ ముందు ఎప్పుడూ గడుల కాగితం ఉంటుంది. ఆరు వరసలు, అరవై రెండు గడులు, గడికొక మనిషి. మాట్లాడితే నిలువు గీత. ఒకరన్నదే మళ్ళీ అంటే సున్నా. ప్రశ్న అడిగితే చుక్క. క్లాసు మొత్తాన్ని వేరే దారి పట్టించిన మాటకి అడ్డగీత. అడ్డగీతలు నెలకి రెండు పడితే గొప్ప. క్లాసయ్యాక ప్రొఫెసరు గారు తన గుర్తులూ ఆవిడ గుర్తులూ పోల్చుకుంటారు. తేడా వస్తే చాలాసార్లు ఆవిడదే నెగ్గుతుంది. ఇంత పలుకుబడి ఉన్న మనిషి క్లాసులో మాత్రం నోరు విప్పకూడదు. చేరిన రోజున చెప్పిన మొదటి నియమం అది. పదకొండేళ్ళుగా ఆ గదిలో తుమ్మడం తప్ప ఆవిడ ఇంకో చప్పుడు చెయ్యలేదు.

కేసులకి కాపీలు తియ్యడం కూడా ఆవిడ పనే. సోమవారం పొద్దున్న కొత్త కేసు వచ్చింది. ప్రొఫెసరు గారే స్వయంగా రాశారు, రెండేళ్ళు తిరిగి. మెషీన్ గదిలో కిటికీ లేదు. కాగితం వేడెక్కిన వాసన, ట్రేలోకి పేజీలు జారుతున్న చప్పుడు, తలుపు మీద ఎవరిదో పాత సెలవు చీటీ. ఆవిడ కాగితాల దొంతిని రెండు చేతుల్తో పట్టుకుని ఒకసారి విసనకర్రలా విప్పి, మళ్ళీ బల్లకేసి తట్టి, ట్రేలో పెట్టింది. కేసులు ఆవిడ చదవదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడంటారు, అలాంటిదే అనుకోండి. అయితే ఆ రోజు పైన పడిన పేజీలో 'ఇస్త్రీపెట్టె' అన్న మాట కంటపడింది.

ఆవిడ ఆ పేజీ తీసి చదివింది. తర్వాత కింద పేజీ. తర్వాత నిలబడే మొత్తం చదివేసింది.

కంపెనీ పేరు మార్చారు. ఊరు మార్చారు. కానీ ఇస్త్రీపెట్టె అదే. పిడిలోకి వైరు దూరే చోట రబ్బరు మెడ చిట్లిపోయి, లోపలి తీగ రేకుకి తగిలి షాకు కొట్టిన ఇస్త్రీపెట్టె. జనం ఉత్తరాలు రాశారు. చివరికి మేనేజరు గారు ధైర్యం చేసి, పైవాళ్ళని ఎదిరించి, అమ్మిన ఇస్త్రీపెట్టెలన్నీ వెనక్కి తెప్పించారు. కేసు ఆయన ధైర్యం గురించి. నాలుగో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది: 'ఉత్తరాలన్నీ ఒకే లాటు నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు) గురించి వస్తున్నాయన్న సంగతిని ఫిర్యాదుల విభాగంలోని గుమాస్తా మూడు వారాల పాటు గమనించలేదు, విచారణ తర్వాత ఆమెను విధుల నుంచి తొలగించారు.'

ఆ గుమాస్తా ఈవిడే.

మెషీన్ ఎప్పుడు ఆగిందో తెలియలేదు. కాగితం అయిపోయి ఎర్ర దీపం వెలుగుతోంది. ఆవిడ దొంతి పెట్టి మళ్ళీ మీట నొక్కింది. చివర్న అనుబంధాలున్నాయి. అమ్మకాల పట్టిక, కంపెనీలో ఎవరి కింద ఎవరన్న బొమ్మ, ఇస్త్రీపెట్టె ఫొటో. నాలుగో అనుబంధంగా ఫిర్యాదుల రిజిస్టరులోంచి ఒక పేజీ. కేసు నిజమైనదిలా కనపడాలని అలాంటివి జతచేస్తారు. పేజీని పేకముక్కంత చేసి ఒక మూల అంటించారు. చదవడానికి కాదు, చూడ్డానికి. చీమలు పాకినట్టున్న ఆ రాతలో ఆవిడ తన ఏడంకెలు పోల్చుకుంది. నడుముకి అడ్డంగా గీత ఉన్న ఏడు, గడుల కాగితం మీద తేదీల్లో ఇప్పటికీ అలాగే వేస్తుంది. మార్జిన్‌లో మూడు వరసలేవో ఉన్నాయి, వాటి పక్కన కొక్కెంలా వంగిన పొట్టి సంతకం. ఆ మూడు వరసలూ ఆవిడకి చదవక్కర్లేకుండానే వచ్చు.

పేజీ అడుగున ఒక వరస ఉంది. దాని మీద ఆవిడ బొటనవేలు పెట్టి మూసేసింది. అలా మూసే ఉంచి, ఇంకో చేత్తో కాపీలు లెక్కపెట్టింది.

బుధవారం ఆ కేసు మీద మొదటి క్లాసు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని ఊరికే అన్లేదు. "ఆ గుమాస్తా సంగతేమిటి?" అని ప్రొఫెసరు గారు సుద్దముక్క చేతిలో ఎగరేస్తూ అడిగినప్పుడు, గుమ్మడికాయల దొంగలా ఆవిడ చెయ్యి నిజంగానే భుజం మీదికి పోయింది. ఎవరూ చూడలేదు. వెనక మూలకి చూసే పని ఎవరికుంటుంది?

మొదటి వరసలో టై కట్టుకునే కుర్రాడొకడున్నాడు. క్లాసులో టై కట్టేది వాడొక్కడే. "ఉత్తరాలు చదవడమే ఆవిడ పని సార్," అన్నాడు. "చదివి కూడా అర్థం కాకపోతే ఇంకెందుకు సార్ జీతం? తీసెయ్యడమే కరెక్టు."

క్లాసు గొల్లుమంది. రెండో వరసలోంచి ఇంకొకడు, "టీ తాగుతూ కూర్చునుంటుంది సార్," అన్నాడు. మళ్ళీ నవ్వులు. మూడో వరస అమ్మాయి మాత్రం కాస్త జాలిపడి, "బహుశా చదువు తక్కువేమో సార్, ట్రైనింగ్ ఇవ్వాల్సింది," అంది. ఆ జాలి నవ్వులకంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆవిడ పెన్సిలు కాగితం మీద నిలిచిపోయింది. టై కుర్రాడి గడిలో సున్నా పెట్టాలని చెయ్యి లాగింది. పెడితే అడిగేవాడు లేడు. కానీ వాడన్నది అంతకుముందెవరూ అన్లేదు, మాట సూటిగా ఉంది, కేసులోంచే ఉంది. ఆవిడ నిలువు గీత గీసింది. కాస్త గట్టిగా గీసినట్టుంది, మొన విరిగింది.

గంట చివర్న చేతులెత్తించారు. గుమాస్తాని తీసెయ్యడం సబబేనన్నవాళ్ళు యాభై తొమ్మిది మంది. కాదన్నవాళ్ళు ఇద్దరు. చెయ్యి ఎత్తనిది ఒక్కతే, చివరి వరస అమ్మాయి. ఆ అమ్మాయి గడి టర్ము మొదలైనప్పటి నుంచీ తెల్లగానే ఉంది. గొంతులోకి మాట వచ్చి ఆగిపోవడం ఆవిడకి వెనకనుంచి కూడా కనపడేది. మెడ కొంచెం ముందుకి వచ్చేది, మళ్ళీ వెనక్కి పోయేది. ఇంకో రెండు క్లాసులు ఇలాగే పోతే ఆ పిల్ల ఈ పేపరు తప్పుతుంది. ఆ సంగతి ఆ పిల్లకీ, గీతలక్కకీ తప్ప ఎవరికీ పట్టలేదు.

గురువారం మధ్యాహ్నం ఆవిడ ప్రొఫెసరు గారి గదికి వెళ్ళింది. ఆ గదిలో ఎదుటివాళ్ళ కోసం ఒక కుర్చీ ఉంది గానీ దాని మీద ఎప్పుడూ ఫైళ్ళే కూర్చుని ఉంటాయి. పదకొండేళ్ళుగా ఆవిడ నిలబడే మాట్లాడింది.

"సార్, కేసులో ఒక తప్పుంది."

"ఆఁ? స్పెల్లింగా?"

"కాదు సార్. నాలుగో పేజీలో. గుమాస్తా గురించి."

ఆయన కళ్ళజోడు పైకి తోసి పేజీ తిప్పారు. "ఏముంది తప్పు?"

"మూడు వారాలు గమనించలేదని రాశారు. గమనించింది సార్. మేనేజరు గారికి చెప్పింది కూడా."

"మీకెలా తెలుసమ్మా?"

'అది నేనే కాబట్టి.' ఇంతే చెప్పాల్సింది. దారిపొడుగునా అదే వల్లించుకుంటూ వచ్చింది. తీరా అడిగేసరికి నోట వేరే మాట వచ్చింది. విచారణ గదిలో కూడా ఇలాగే అయింది. "రిజిస్టరు పేజీలో ఉంది సార్," అంది, "నాలుగో అనుబంధంలో."

ఆయన ఆ పేకముక్కని వెలుతురుకేసి పెట్టి చూసి నవ్వేశారు. "ఇదా! మీ కళ్ళు బాగున్నాయే. చూడండమ్మా, ఈ కేసుకి అనుమతి పత్రం వచ్చేసింది. ఆ మేనేజరు గారే పేజీ పేజీకీ సంతకం పెట్టి పంపారు. ఇప్పుడు ఒక్క అక్షరం మార్చాలన్నా, కామా తియ్యాలన్నా మళ్ళీ ఆయన అనుమతి కావాలి. అయినా ఆ ఆలస్యం లేకపోతే కేసెక్కడుంది చెప్పండి? అందరూ సరిగ్గానే చేస్తే ఇక పిల్లలు మాట్లాడుకోవడానికేం మిగులుతుంది?"

"అంతేలెండి," అంది ఆవిడ.

"రేపు ఆయనే వస్తున్నారు క్లాసుకి. కేసు రెండో భాగం కాపీలు తీసి ఉంచండి. అనుబంధాలు కూడా మళ్ళీ వెయ్యండి, ఈ పిల్లలు మొదటివి పారేసుకుని ఉంటారు. టీ తాగారా?"

"తాగాను సార్."

తాగలేదు.

గురువారం సాయంత్రాలు చెల్లెలు ఫోన్ చేస్తుంది. ఆవిడ ఇంటికొచ్చి, తాళం కొక్కేనికి తగిలించి, మంచం చివర కూర్చుంది. ఒక గది, ఒక కిటికీ, ఒక కుర్చీ. రెండో కుర్చీ ఉండేది, దాని మీద బట్టలు మడతపెట్టి పెట్టడం అలవాటై చివరికి అది కుర్చీ అన్న సంగతే మర్చిపోయింది.

"అక్కా, తిన్నావా?"

"తింటాను. పిల్లలేం చేస్తున్నారు?"

చెల్లెలు చెప్పుకుపోయింది. పెద్దాడికి లెక్కల్లో తక్కువొచ్చాయి, చిన్నదానికి పన్ను కదులుతోంది, అత్తగారి మోకాలు మళ్ళీ మొదటికొచ్చింది, మీ మరిదిగారు ఏమీ పట్టించుకోరు. ఆవిడ ఊఁ కొట్టింది. ఊఁ కొట్టడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. మధ్యలో కాస్త సందు దొరికితే, "నీకో సంగతి చెప్పాలే," అంది.

"చెప్పక్కా. ఒరేయ్, దాని జుట్టు వదులు! చెప్పు, ఏంటి?"

"అప్పట్లో కంపెనీలో..."

"ఏ కంపెనీ? ఇప్పుడది ఎందుకక్కా, ఎప్పటిదో కదా. అయ్యో ఉండు, పాలు పొంగుతున్నాయి, మళ్ళీ చేస్తా."

మళ్ళీ చెయ్యలేదు. చెల్లెలి తప్పు కాదు, పాలు పొంగితే ఎవరికైనా అంతే. ఆవిడ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆవిడకి ఒంటరితనం అలవాటే, చెప్పుల్లో కాలులా. కానీ ఆ సాయంత్రం మాత్రం ఏడుపొచ్చింది. తనని దొంగ అన్నా ఇంత బాధ ఉండేది కాదు. చూడలేదన్నారు. చూసిన మనిషిని చూడలేదన్నారు. అది అచ్చయింది. ఏడాదికి అరవై రెండు మంది చొప్పున, ఆ మాట విని నవ్వుతారు. ఆ కాపీలు తీసేది కూడా తనే.

శుక్రవారం ఎనిమిదింటికే మెషీన్ గది తాళం తీసింది. రెండో భాగం మూడు పేజీలు. చకచకా అయిపోయాయి. అనుబంధాలు ఒకటి, రెండు, మూడు అయ్యాయి. నాలుగోది గాజు మీద పెట్టి మూత వెయ్యబోయి ఆగింది.

ఒక్క అక్షరం మార్చకూడదన్నారు. కామా తియ్యకూడదన్నారు. సైజు గురించి ఎవరూ ఏమీ అన్లేదు.

ఆవిడ పెద్ద కాగితం దొంతి ట్రేలో పెట్టి, పెంచగలిగినంత పెంచి, ఒక కాపీ తీసింది. దాన్నే మళ్ళీ గాజు మీద పెట్టి, మూల మాత్రం పడేలా జరిపి, ఇంకోసారి పెంచింది. అంచులు మసకబారాయి గానీ అక్షరాలు లేచి నిలబడ్డాయి. మార్జిన్, సంతకం, అడుగు వరసతో సహా. ఈసారి బొటనవేలు అడ్డం పెట్టలేదు. అరవై నాలుగు కాపీలు తీసి, ఒక్కోదాన్నీ మూడు మడతలు వేసి, గోరుతో అంచు నొక్కి, రెండో భాగం పుస్తకాల చివర పిన్ను కొట్టింది. తను చేస్తున్నది పెద్ద ధైర్యమో, పెద్ద పిరికితనమో ఆవిడకే తెలియలేదు.

పదకొండింటికి అతిథి వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసింది, నడకలో తొందర మాత్రం అదే. ఆ రోజుల్లో ఆయనకి గుమాస్తాల పేర్లు గుర్తుండేవి కావు. విభాగం పేరు పెట్టి పిలిచేవారు. 'ఏం జీతాలూ, ఇంకా ఇంటికెళ్ళలేదా?' 'ఏం ఫిర్యాదులూ, ఈరోజెన్ని?' నవ్వుతూనే పిలిచేవారు, మంచి మనిషే. గుమ్మం దగ్గర పుస్తకం అందించిన ఆవిడ మొహంలోకి చూసి, "థాంక్సమ్మా," అన్నారు. చూశారు గానీ పోల్చుకోలేదు.

చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. బోర్డు మీటింగు కళ్ళకి కట్టించారు. ఒక్కొక్క డైరెక్టరు ఎలా గుడ్లురిమాడో చేసి చూపించారు. "నేనప్పుడు ఒక్కటే అడిగాను. మీ ఇంట్లో ఈ ఇస్త్రీపెట్టె ఉంటే, మీ అమ్మాయిని ముట్టుకోనిస్తారా? ఎవరూ నోరెత్తలేదు. అంతే. మొత్తం వెనక్కి తెప్పించాం." పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ మాట ఆయన నిజంగానే అడిగారు. అప్పట్లో ఆఫీసంతా చెప్పుకున్నారు.

తర్వాత ప్రశ్నలు. టై కుర్రాడికి ఒక గీత, మూడో వరస అమ్మాయికి ఒక చుక్క, ఇంకొకడికి సున్నా. గోడ గడియారం పన్నెండు దాటింది. అరవై రెండు పుస్తకాల చివర అరవై రెండు మడత కాగితాలు, ఒక్కటీ విప్పలేదు. అనుబంధాలు చూసే పిల్లల్ని ఆవిడ పదకొండేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టగలదు. ఇక పది నిమిషాలుంది. 'పోనీలే,' అనుకుంది, పెన్సిలు చెక్కుకుంటూ. అలా అనుకోవడం కూడా అలవాటే.

అప్పుడు వెనకనుంచి ఫెళఫెళమని చప్పుడు. చివరి వరస అమ్మాయి మడత విప్పింది. విప్పినదాన్ని మళ్ళీ మడుద్దామంటే అది మడత పడదు, కింద పడుతుంది, పక్కవాడి మోచేతికి తగులుతుంది. అందరూ తిరిగి చూశారు.

ప్రొఫెసరు గారికి చిరాకేసింది. "ఆఖరి వరస! అంత శ్రద్ధగా చదువుతున్నారంటే ఏదో దొరికినట్టుందే. మాకూ చెప్పండి."

ఆ పిల్ల మొహం కందిపోయింది. మెడ ముందుకొచ్చింది, వెనక్కి పోయింది. "సార్, ఇక్కడ... మార్జిన్‌లో ఏదో రాసుంది సార్."

"చదవండి."

"'నాలుగో తేదీ. పదకొండు ఉత్తరాలూ ఒకే లాటువి. ప్రాంతాల కట్టల్లోంచి తీసి విడిగా కట్టి మేనేజరు గారికి ఇచ్చాను.' అని ఉంది సార్. పక్కన సంతకం కూడా ఉంది."

గదంతా ఒక్కసారి కాగితాలు విప్పుకున్న చప్పుడు. ప్రొఫెసరు గారు తన కాపీ విప్పి చూసి, చటుక్కున వెనక మూలకి ఒక చూపు విసిరి, మళ్ళీ కాగితంలోకి తల దించారు. అతిథి కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు.

"సంతకం నాదే," అన్నారు చివరికి. "రోజుకి వంద కాగితాల మీద పెట్టేవాణ్ణి. చూసి పెట్టానని చెప్పలేను. కానీ నాదే."

ఇక క్లాసు తేనెతుట్టె కదిపినట్టయింది. "అయితే ఆలస్యం మేనేజరుది సార్!" "విచారణలో ఇది ఎవరూ చూడలేదా?" టై కుర్రాడు కూడా లేచాడు. "నేను మొన్నన్న మాట వెనక్కి తీసుకుంటున్నా సార్. గుమాస్తా తప్పేం లేదు. ఆవిడ పని ఆవిడ చేసింది." గీతలక్క గీతలు గీస్తూనే ఉంది. కళ్ళు మసకలు కమ్మి గడులు కనపడటం లేదు. పదిహేనేళ్ళ బరువు దిగుతుంటే మనిషి తేలిపోతుందనుకుంది గానీ, అలాంటిదేమీ కాలేదు. ఈ నిమిషాన క్లాసు అయిపోతే చాలని కోరుకుంది.

అవలేదు. చివరి వరస అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. కూర్చోమనడం ఎవరికీ గుర్తు రాలేదు.

"ఇంకా ఏమైనా ఉందా?" అన్నారు ప్రొఫెసరు గారు.

"తప్పు లేదని నేనన్లేదు సార్," అంది ఆ పిల్ల. ఈసారి మెడ వెనక్కి పోలేదు. "నాలుగో తేదీ తర్వాత కూడా రోజూ రాసుంది. పన్నెండోది, పదమూడోది, పద్నాలుగోది. అన్నీ అదే లాటు. పద్దెనిమిది ఉత్తరాలు సార్. మార్జిన్‌లో మళ్ళీ ఇంకేమీ లేదు. ఇరవై రెండో తేదీన ఇరవై తొమ్మిదోది. వివరం దగ్గర, 'దర్జీ పని చేసే అమ్మాయి, వయసు పంతొమ్మిది, కుడి చెయ్యి కాలిపోయింది.' ఆవిడకి అన్నీ తెలుసు సార్. ఒక్కసారి చెప్పింది. వినలేదు. ఇక రాసుకుంటూ కూర్చుంది. ఇంకోసారి వెళ్ళి చెప్పుంటే..." అని ఆగి, "నాకైతే ఆ ఇంకోసారే కేసు అనిపిస్తోంది సార్," అని కూర్చుంది.

గీతలక్క పెన్సిలు ఆ పిల్ల గడి మీదికి వెళ్ళింది. మార్జిన్ చదివినందుకు అప్పటికే అందులో ఒక అడ్డగీత ఉంది. దాని కింద ఇంకోటి గీసింది. న్యాయంగా గీసింది, ఎక్కడా వంకర పోలేదు.

"మంచి ప్రశ్న," అన్నారు ప్రొఫెసరు గారు నెమ్మదిగా. "ఎందుకు చెప్పలేదంటారు ఇంకోసారి?"

జవాబులు వచ్చాయి. అధికార క్రమం అన్నారొకరు. పైకి సమాచారం పోయే దారి సరిగ్గా లేదన్నారొకరు. చెప్పినందుకు ఆవిడకి ఒరిగేదేముందన్నారింకొకరు. అన్నీ పుస్తకంలో మాటలే, అన్నీ సబబైనవే. ఆవిడ ఒక గీత, ఇంకో గీత, ఒక సున్నా పెట్టింది. తర్వాత పెన్సిలు కాగితం మీద అడ్డంగా పడుకోబెట్టి లేచి నిలబడింది.

"భయమేసింది," అంది.

అరవై రెండు తలలు వెనక్కి తిరిగాయి. వాళ్ళు ఆవిడ గొంతు వినడం అదే మొదలు. ప్రొఫెసరు గారు మాత్రం తన కాగితంలోని ఏడంకె మీద వేలు పెట్టుకుని, ఆ వేలు తియ్యకుండా ఆవిడని చూశారు.

"పదకొండూ తీసుకెళ్ళి ఇస్తే, విడిగా ఎందుకు కట్టావు, ప్రాంతాల వారీగా కట్టడం కదా పద్ధతి, నెలాఖరు జాబితాలో రానీ అన్నారు. సరేనన్నాను. పన్నెండోది వచ్చినప్పుడు లేచి తలుపు దాకా వెళ్ళాను. మళ్ళీ అదే మాటంటారేమో, ఈసారి కోప్పడతారేమో, ఉద్యోగం పోతుందేమో అనిపించింది. వచ్చి కూర్చుని రాసుకున్నాను. పదమూడోదానికి తలుపు దాకా కూడా వెళ్ళలేదు. ఉద్యోగం ఎలాగూ పోయిందనుకోండి. ఇరవై తొమ్మిదోది ఆ అమ్మాయే రాసింది. ఎడమచేత్తో. 'అలవాటు లేని చెయ్యి, అక్షరాలు బాగా లేకపోతే ఏమీ అనుకోకండి' అని మొదట్లోనే రాసింది. అది నేను రిజిస్టరులో ఎక్కించలేదు. ఎక్కించడానికి దానికో గడి లేదు."

అతిథి లేచారు. "ఫిర్యాదులు!" అన్నారు, ఆ పిలుపు తప్ప ఆయన దగ్గర ఇంకోటి లేదు. అన్నాక ఆయనకే సిగ్గేసినట్టుంది. ఆవిడ పేరు తడుముకున్నారు. దొరకలేదు. చేతిలో కాగితాన్ని మడత పెట్టబోయారు, అది ఆయన చేతుల్లోనూ మడత పడలేదు.

బెల్లు కొట్టింది. పిల్లలు మామూలుగా గోల చేస్తూ వెళ్తారు, ఆ రోజు కుర్చీలు కూడా చప్పుడు కాకుండా జరుపుకుని వెళ్ళారు. అతిథి గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, ప్రొఫెసరు గారి భుజం తట్టి వెళ్ళిపోయారు. చివరి వరస అమ్మాయి ఆవిడ బల్ల దగ్గర ఆగింది.

"ఆవిడ మీరేనని నాకు తెలీదండీ. తెలిస్తే అనేదాన్ని కాదు."

"తెలీకపోవడమే మంచిదైంది," అంది ఆవిడ. "నీకు రెండు అడ్డగీతలు పడ్డాయి. తప్పవులే ఈ పేపరు."

ఆ పిల్ల ఏడుస్తూ నవ్వి వెళ్ళిపోయింది. ఆవిడ బల్లల మధ్య తిరుగుతూ, వదిలేసిన కాగితాలు ఏరి మడతపెట్టింది. ప్రొఫెసరు గారు గుర్తులు పోల్చుకోవడానికి వచ్చి, గడుల కాగితం చేతిలోకి తీసుకుని, దాన్ని చూడకుండా నిలబడ్డారు.

"నిన్న చెప్పుండాల్సిందమ్మా, అది మీరేనని."

"నిన్న కూడా భయమే సార్. ఒకసారి చెప్పాను, మీరు కుదరదన్నారు, సరేనన్నాను. కాగితం పెద్దది చేసి మూల కూర్చున్నాను. ఆ పిల్ల అన్నది నన్నే, పదిహేనేళ్ళ కిందటి నన్నొక్కదాన్నే కాదు."

ఆయన గడుల కాగితం బల్ల మీద పెట్టారు. "అనుమతి పత్రం పెద్ద తతంగం," అన్నారు చివరికి. "ఆయన ఒప్పుకోవాలి. కేసు మొత్తం తిరగరాయాలి. చూద్దాం, వీలు చూసుకుని..."

"సోమవారం వస్తాను సార్," అంది ఆవిడ. "ఆ వాక్యం గురించి. నేను రెండోసారి వెళ్ళలేదన్నది కూడా అందులో రాయండి, కానీ చూడలేదని రాయకండి. సోమవారం కుదరకపోతే మంగళవారం వస్తాను."

సోమవారం పదింటికి ఆవిడ వెళ్ళేసరికి ప్రొఫెసరు గారు ఫోన్‌లో ఉన్నారు. చేత్తోనే, ఒక్క నిమిషం అన్నట్టు సైగ చేశారు. కుర్చీ మీద ఫైళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. ఆవిడ వాటిని రెండు చేతుల్తో ఎత్తి, అంచులు సమంగా తట్టి, కింద నేల మీద పెట్టింది. పెట్టి, కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది.